గున్న అంటే ఎంత

మా నాన్నగారికీ నాకూ ఒక్క మాట మీద ఏళ్ల తరబడి తగువు. ఆ మాట గున్న.

నేను రాజాంలో ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతాను. క్లాసులో ఈ మాట వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒకటే అర్థం రాసేదాన్ని: చిన్నదైన, లేత. గున్న మామిడి, గున్న ఏనుగు అని రెండు ఉదాహరణలు. పిల్లలకి ఏనుగు తెలుసు, మామిడి తెలీదు. సొంత వాక్యంలో వాడమంటే గున్న సెల్‌ఫోను, గున్న ఆటో అని రాసి కిసకిసలాడతారు. నాకు ఒళ్లు మండుతుంది. మా వైపు గున్నయ్యలూ గున్నమ్మలూ ఊరికి ఒకరిద్దరైనా ఉంటారు. పేరు మోస్తారు గాని దాని అర్థమేమిటని ఎవరూ అడగరు.

నాన్నగారు నేను చెప్పే అర్థాన్ని ఒప్పుకునేవారు కారు.

"అది సగమేనే అమ్మా," అనేవారు విస్తరి ముందు కూర్చుని.

"మిగతా సగం నిఘంటువులో ఎందుకు లేదు మరి?"

"నిఘంటువు రాసినాయన మన స్వామిని చూళ్లేదు కదా!"

తెలుగులో చిన్నదనానికి మాటల కరువు లేదు. పిసరంత, రవ్వంత, గోరంత, ఆవగింజంత. ఇవన్నీ ఇంకోదాని పక్కన పెట్టి కొలిచే మాటలు. పొట్టి, కురచ, గిడస అనేవి ఇంకో రకం. వాటిలో ఎక్కడో కాస్త వెక్కిరింతో జాలో కలిసి ఉంటుంది. చేను గిడసబారిందంటే రైతు మొహం మాడిపోతుంది. గున్న ఈ రెండు గుంపుల్లోనూ చేరదని నాన్నగారి వాదన. "గిడసంటే ఎదగాల్సింది ఎదగలేదని. గున్నంటే అది కాదు. చిన్నదే, కానీ అందులో లేనిది లేదు," అనేవారు. దేవుడి మీద ప్రేమ కొద్దీ మాటకి లేని అర్థం అంటగడుతున్నారని నేను దెబ్బలాడేదాన్ని. ఇద్దరం మొండివాళ్లమే. అన్నం చల్లారిపోతోందని వదిన కేకలేస్తే తప్ప తగువు ఆగేది కాదు.

ఆ దేవుడి సంగతి చెప్పాలి. మా ఊరు రాజాంకి దగ్గరే. ఇంటి వసారాని ఆనుకుని మాదే ఒక మందిరం ఉంది. అందులో ఒక్కడే దేవుడు, పాకుతూ వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు. పంచలోహం. బొటనవేలి పై కణుపు ఎంతో అంతే ఉంటాడు. తరతరాలుగా మా ఇంటివాళ్లే ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఊళ్లో వాళ్లు గున్న గోపాలుడంటారు. కొత్తవాళ్లు దీపం వెలుగులో పీట మీదకి తొంగి చూసి, "స్వామి ఏరండీ?" అని అడుగుతారు. "మీరు చూస్తున్నది తులసి. దాని పక్కన చూడండి," అంటారు నాన్నగారు. కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా అని లోకం బాధ. మాకు ఆ బాధ లేదు. నాలుగు దళాలు వేస్తే మా స్వామి మునిగిపోతాడు.

కడుపు నిలవని ఆడవాళ్లు ఎక్కడెక్కడినుంచో ఆయన దగ్గరికి వస్తారు. వచ్చినావిడని పీట మీద కూర్చోబెట్టి, చీర కొంగు ఒడిలో పరిపించి, నాన్నగారు స్వామిని ఆ ఒడిలో పెడతారు. కళ్లు మూసుకుని మంత్రం చెబుతారు. తర్వాత స్వామిని తీసి ఆయన పీట మీదకి చేర్చి, ఒడిలో బియ్యం పోసి, పసుపు కొమ్ము, వక్కలు, ఖర్జూరాలు, తులసి వేసి ముడి వేయిస్తారు. ఆ ముడి దారిలో విప్పకూడదు. ఇంటికి వెళ్లి, దేవుడి దగ్గర దీపం వెలిగించి అప్పుడు విప్పాలి. ఆ బియ్యంతో పరమాన్నం వండుకుని మొగుడూ పెళ్లాం తినాలి. దారిలో విప్పితే పట్టింది జారిపోయినట్టేనని అందరి నమ్మకం. ఆ నియమం పెట్టింది మేమే.

ఆ మధ్య ఒక సెలవు రోజున నేను ఇంట్లోనే ఉన్నాను. నాన్నగారి పక్కనే ఉండి అన్నీ అందించే మా అన్నయ్య పొద్దున్నే పనిమీద శ్రీకాకుళం వెళ్లాడు. శృంగవరపుకోట అవతలి పల్లె నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. రైతు కుటుంబం. అత్త మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. కోడలు బక్కపలచగా, తల ఎత్తకుండా కూర్చుంది. నాన్నగారు ఒక్కరే ఒడి నింపి పంపించారు. నేను వంటింట్లో కొబ్బరి తురుముతున్నాను. అదే నా దురదృష్టం, లేకపోతే చూసేదాన్ని.

నాన్నగారికి సుగర్ చాలా ఏళ్లుగా ఉంది. ఒక కన్ను మసకబారింది, రెండోది దాని దారినే వెళ్తోంది. స్వామికి నైవేద్యం పెట్టకుండా ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. అందుకని వదిన ఒక పద్ధతి పెట్టింది. మహానైవేద్యం వండి సిద్ధం చేశాక ఇన్సులిన్ సూది వేస్తుంది. ఆయన లోపలికి వెళ్లి నైవేద్యం పెట్టి, నేరుగా వచ్చి విస్తరి ముందు కూర్చుంటారు. ఈ మధ్యలో ఆలస్యమయ్యే సందర్భం మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు వదిన సూది వేసింది. నాన్నగారు చక్కెర పొంగలి గిన్నె పట్టుకుని మందిరంలోకి వెళ్లారు. కాసేపటికి లోపలినుంచి నన్ను పిలిచారు. ఆ పిలుపు ఎప్పటిలా లేదు.

"అమ్మా, ఇలా రా. నా కంటికి ఆనట్లేదు. స్వామి ఉన్నాడేమో చూడు."

పీట మీద తులసి ఉంది. తులసి తీశాను. కింద పట్టుబట్ట. అది దులిపాను. స్వామి లేడు.

వదిన, నేను కలిసి మందిరం అంతా వెతికాం. నిర్మాల్యం బుట్ట బోర్లించి ఒక్కో పువ్వూ విదిలించాం. అభిషేకం పళ్లెం, తీర్థం గిన్నె, దీపం సెమ్మె కింద, గడప సందు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి చేరారు. వాళ్లలో సగంమంది ఏళ్ల తరబడి ఆ స్వామికి దణ్ణం పెట్టినవాళ్లే. అయినా ఎంతుంటాడని అడిగితే ఒకరు జానెడు చూపించారు, ఒకరు అరచేయి చూపించారు. జానెడు దేవుడి కోసం వెతికేవాళ్లకి కణుపంత దేవుడు కాలికింద ఉన్నా కనపడడు. "అందరూ బయటికి నడవండి," అని అరిచాను. నా నోటికి ఊళ్లో పేరుంది, కాబట్టి వెంటనే కదిలారు.

వసారాలో నాన్నగారు స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. వదిన గ్లాసుతో పంచదార నీళ్లు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"మావయ్యగారూ, సూది వేసేశాను. ఒక్క గుక్క తాగండి, మీ కాళ్లకి దణ్ణం పెడతాను."

"స్వామి తినలేదమ్మా."

"మీకేమైనా అయితే ఆ స్వామికి ఎవరు పెడతారు?"

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ ఊపు నాకు తెలుసు. నా తగువులన్నీ ఆ ఊపు దగ్గరే ఆగిపోయాయి. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు కూడా పొయ్యలేం. ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వచ్చింది, ఆ రెండూ కలిసి నా గొంతులోంచి వచ్చాయి.

"పొద్దున ఏంచేశారో మొదట్నించీ చెప్పండి. వరసగా."

"ఒడి పట్టించాను. స్వామిని పెట్టాను. కళ్లు మూసుకుని మంత్రం చెప్పాను. ఆ పిల్ల ఏడుస్తోంది. ఊరుకో తల్లీ అన్నాను. బియ్యం పోశాను. పసుపు, వక్కలు వేశాను. ముడి వేయించాను."

"స్వామిని ఎప్పుడు తీశారు?"

నాన్నగారు మసక కంటితో తన కుడిచేతి వేళ్లకేసి చూసుకున్నారు.

"తీశాననే అనుకుంటున్నాను," అన్నారు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఇక్కడ పిల్లవాడు ఇంకొకరి ఒడిలో ఊరు దాటిపోయాడు. గడప దగ్గర నిలబడ్డ ఒకావిడ, "ఎత్తుకుపోయుంటాది ఆ గుంట, దొంగ ఏడుపులు ఏడిసి," అంది. నేను ఆవిడకేసి చూసిన చూపుకి ఆవిడ మెట్లు దిగిపోయింది. స్కూటీ తాళాలు తీసుకున్నాను. రాజాం నుంచి విజయనగరం బస్సు పట్టుకుంటామని అత్త పొద్దున అనడం వంటింట్లోకి వినిపించింది. నాకు తెలిసింది అదొక్కటే.

దారంతా ధాన్యం లారీలు. ఒకదాని వెనక ఒకటి, దారివ్వవు. హారన్ కొట్టి కొట్టి నా బొటనవేలు నొప్పెట్టింది. వాళ్లు బస్సెక్కేసి ఉంటే ఏం చెయ్యాలో ఆలోచించడానికి కూడా భయపడ్డాను.

బస్సింకా రాక, రాజాం బస్సు కాంప్లెక్సులో వాళ్లు సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కోడలు రెండు చేతులతో ఒడి ముడిని పొట్టకి ఆనించి పట్టుకుని ఉంది. పొద్దున ఎలా కూర్చుందో అలాగే. నాకు ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం, వీళ్లకి ఏమని చెప్పాలి అని తోచింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్వామి కనిపించట్లేదు, నాన్నగారు ఒడిలోంచి తీయడం మరిచిపోయారేమో, ఒకసారి ముడి విప్పి చూడాలి.

అత్త లేచి నిలబడింది. "ఏటీ? ముడి ఇప్పాలా? దారిలో ఇప్పకండని సెప్పినోరు మీ అయ్యగోరే గదమ్మా!"

"నిజమేనమ్మా. కానీ..."

"కానీ లేదు గీనీ లేదు. దొంగోలమనుకుంతన్నారా ఏటి మమ్మల్ని? అంత దూరం నుంచి దేవుడి కాడికొస్తే దొంగతనం అంటగడతారా?"

చుట్టూ జనం మూగారు. నా ఫోను మోగింది. వదిన ఏడుస్తోంది. నాన్నగారికి చెమటలు ఎక్కువయ్యాయి, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది, నోటి దగ్గరికి గ్లాసు తీసుకెళ్తే తోసేస్తున్నారు. పక్కూరి డాక్టరు కోసం మనిషిని పంపించిందట.

ముడి నాకు చేతికందేంత దూరంలో ఉంది. లాగితే వచ్చేస్తుంది. లాగెయ్యాలనే అనిపించింది. నా చెయ్యి ముందుకి వెళ్లింది కూడా. కోడలు వంగి ముడిమీద ముడుచుకుపోయింది.

"వొద్దమ్మగోరూ," అంది. పొద్దుట్నుంచీ ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. "రెండుసార్లు పోనాయమ్మా. ఆఖరుది ఆరో నెల్లో పోనాది. ఇంక నావల్ల కాదమ్మా. ఇంటికెల్లే దాకా ఉంచండి. మీరూ రండి మాతోటి. మీ కల్లముందే ఇప్పుతాను."

"పిండమమ్మా అది. ఏటీ అవకముందే పోనాది. దానికే ఇది ఇలగైపోనాది," అంది అత్త నాతో, కాస్త తగ్గి. కోడలు ముడిని ఇంకా దగ్గరికి హత్తుకుంది.

"మా నాన్నగారు అంతవరకూ ఆగలేరు," అన్నాను. సూది సంగతి, నైవేద్యం సంగతి చెప్పాను. స్వామి తింటే గాని ఆయన తినరనీ, తినకపోతే ఏమవుతుందో నాకు తెలుసనీ చెప్పాను. జనం ముందు ఏడవకూడదనుకున్నాను గాని ఏడ్చాను.

కోడలు ఒక చెయ్యి తీసి, నా చెయ్యి పట్టుకుని ముడిమీద పెట్టింది. "ఇప్పకండి. తడిమి సూడండి."

తడిమాను. బట్ట కింద బియ్యం. బియ్యంలో గట్టిగా ఒకటి తగిలింది, వక్క కావచ్చు. పొడుగ్గా ఒకటి, పసుపు కొమ్ము. మెత్తగా రెండు, ఖర్జూరాలు. ఇంకొకటి గట్టిది. వక్కా? స్వామా? పుట్టినప్పటినుంచీ చూస్తున్న దేవుడికీ పావలా వక్కకీ నా వేళ్లకి తేడా తెలియలేదు. అంత చిన్నవాడు. చిన్నప్పటినుంచీ ముద్దు చేసిన ఆ చిన్నదనం మీద ఆ నిమిషంలో నాకు అసహ్యం పుట్టింది. జానెడు దేవుడై ఉంటే ఈ పాట్లేవీ ఉండేవి కావు కదా అనుకున్నాను.

"తెలీట్లేదు," అన్నాను.

"ఇక్కడే పెడితే తినడా అమ్మా?" అంది కోడలు.

నాకు అర్థం కాలేదు.

"స్వామండి. నా ఒడిలోనే ఉన్నాడు గదా. ఇక్కడే ఏదైనా పెడితే తినడా? ఆయన తినేస్తే అయ్యగోరు తింటారు గదా."

అత్త అప్పటికే సంచీలో చెయ్యి పెట్టి అరటిపళ్ల హస్తం బయటికి తీసింది. నేను ఫోను చేశాను. వదిన ఫోనుని నాన్నగారి చెవి దగ్గర పెట్టింది.

"స్వామి ముడిలో ఉన్నాడు నాన్నగారూ. ముడి విప్పకూడదు. ఇక్కడే నైవేద్యం పెడతాను. మీరు మంత్రం చెప్పండి."

"చూశావా?" మాట ముద్దగా వచ్చింది.

అబద్ధం చెబితే పని అయిపోయేది. కానీ ఆయనతో స్వామి విషయంలో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. నోరు రాలేదు. నేను నిలబడిపోవడం చూసి కోడలు ఫోను అందుకుంది.

"అయ్యగోరూ, నాను. పొద్దున ఒడి నింపించుకున్నదాన్ని. ఉన్నాడండి. నాకు తెలస్తన్నాది."

"ఎంత... ఎంత బరువుందమ్మా?"

"బరువని సెప్పలేనండి. ఉన్నాడని తెలస్తన్నాది. అంతే."

అవతల వదిన "మావయ్యగారూ, మావయ్యగారూ" అంటోంది. అప్పుడు నాన్నగారి గొంతు వచ్చింది. "అంతే తల్లీ. మా స్వామి అంతే ఉంటాడు."

ఫోను స్పీకరులో పెట్టాను. పాలకొండ బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద ఉందని పైన మైకు చెబుతోంది. దాని కింద నాన్నగారు ఒక్కో మాటా వెతుక్కుంటూ మంత్రం చెప్పారు. అత్త పండు ఒలిచి తన కొంగు చివర పరిచి దానిమీద పెట్టింది. నేను సీసాలో నీళ్లు చేతిలో పోసుకుని పండు చుట్టూ తిప్పాను. ప్రాణాయ స్వాహా అన్నప్పుడల్లా చెయ్యి పండు దగ్గర్నుంచి ముడి దగ్గరికి ఆడించాను. ఆడవాళ్లు నైవేద్యం పెట్టే ఆచారం మా ఇంట్లో లేదు. ఆ సంగతి నాన్నగారికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. మూగిన జనంలో ఒకాయన చెప్పులు విడిచాడు. కోడలు కళ్లు మూసుకుని, ముడిని దించకుండా కూర్చుంది.

ఫోనులో గ్లాసు చప్పుడు వినిపించింది. "తాగుతున్నారు," అంది వదిన. కొంచెం ఆగి, "పొంగలి కూడా పెడుతున్నాను," అంది. నేను బెంచీ మీద కూలబడ్డాను.

కానీ అది అయిపోలేదు. ముడిలో ఉన్నది వక్కే అయితే, నాన్నగారు వక్కకి నైవేద్యం పెట్టి తిన్నట్టు. అది తెలిస్తే ఆయన మళ్లీ ముద్ద ముట్టరు. ఈసారి ఎవరెంత మొత్తుకున్నా వినరు. స్వామి ఎక్కడో కాలవలోనో, కాలికిందో ఉన్నట్టు. స్కూటీని స్టాండులో పెట్టి వాళ్లతోపాటు విజయనగరం బస్సెక్కాను.

బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో మూట దింపబోతే నేను లేచి చెయ్యి అడ్డం పెట్టాను. ఇంకొకాయన సీటు వీపు పట్టుకుని తూలితే గట్టిగా కేకలేశాను. అత్త నాకేసి మెచ్చుకోలుగా చూసింది. ఇద్దరం ఒకే పిండితో చేసినవాళ్లమని అప్పుడే అనిపించింది. కోడలు మాత్రం కిటికీ పక్కన బొమ్మలా కూర్చుంది. చీపురుపల్లి దాటాక నన్ను అడిగింది.

"గున్న గోపాలుడంటే ఏటమ్మగోరూ?"

"గున్న అంటే చిన్న. చిన్నగా ఉంటాడని." బోర్డు మీద రాసే అర్థమే చెప్పాను.

"సిన్నగా ఉంటే సిన్న గోపాలుడనొచ్చు గదా. ఇంకో మాటెందుకు?"

జవాబు ఉంది గాని అది నాన్నగారిది. ఆయన పక్షాన వాదించడానికి నాకు ఇంకా మనసొప్పలేదు. పైగా ఆ వేళ ఆ చిన్నదనం మమ్మల్ని పెడుతున్న యాతన నాకు మింగుడు పడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాను.

విజయనగరంలో బస్సు మారాం. శృంగవరపుకోటలో దిగి ఆటో ఎక్కాం. వాళ్ల పల్లె కొండ కింద ఉంది. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్త కాళ్లు కడుక్కోవడానికి నాకు నీళ్లిచ్చింది. దేవుడి గూటిలో దీపం వెలిగించి, వెడల్పాటి కంచు పళ్లెం తెచ్చి కోడలి ముందు పెట్టింది. కోడలు పీట మీద కూర్చుని ముడికి చెయ్యి వేసింది. ముడి బిగిసిపోయింది. పళ్లతో లాగింది.

బియ్యం పళ్లెంలోకి జారాయి. పసుపు కొమ్ము పడింది. వక్క పడింది. ఇంకో వక్క పడింది. నాకు తగిలిన గట్టివి రెండూ వక్కలే. తులసి వాడిపోయి ఉంది. అత్త చేత్తో బియ్యం ఇటూ అటూ చదును చేసింది. ఇంకేమీ లేదు. ఇంటికి ఫోను చేసి ఏమని చెప్పను? అప్పుడు కోడలు ఒడిలో మిగిలిపోయిన ఖర్జూరాలు తీసింది. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. విడదీసింది.

మధ్యలో స్వామి ఉన్నాడు.

అత్త "గోయిందా" అని పెద్దగా అని రెండు చేతులూ ఎత్తింది. నేను అక్కడే నేలమీద తల ఆనించాను. లేచి చూసేసరికి కోడలు స్వామిని కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని, దీపం దగ్గరికి జరిగి చూస్తోంది. తరాల అభిషేకాలకి స్వామి మొహం అరిగి నున్నబడింది. వెన్నముద్ద పట్టుకున్న చెయ్యి మాత్రం ఒడుపుగా లోపలికి ఉండి అరగలేదు. ఆ చేతి వేళ్లకి గోళ్లు కూడా చెక్కారని నాన్నగారు నాకు ఎన్నోసార్లు చూపించబోయారు. నాకు ఎప్పుడూ కనిపించలేదు. కనిపించాయని అబద్ధమూ చెప్పలేదు.

"గోళ్లున్నాయి," అంది కోడలు.

అత్త, "ఏటే?" అంది.

"స్వామికి గోళ్లున్నాయత్తా." స్వామిని చూస్తూనే మాట్లాడింది. "మావోడికీ ఉన్నాయి. పది వేళ్లకీ. నర్సమ్మ గుడ్డలో సుట్టేసే ముందు సూసినాను. కనురెప్పల ఎంట్రుకలు కూడా ఉన్నాయి. ఏటీ అవకముందే పోనాడని అందరూ అంతన్నారు. అన్నీ అయినాయత్తా. సిన్నోడంతే."

అంత గొంతున్న అత్త మెల్లగా అడిగింది.

"నాకెందుకు సెప్పనేదే?"

"సూడొద్దన్నావు గదత్తా. మరింక అడగనేదు."

అత్త పళ్లెం పక్కన కూలబడి, బియ్యంలో చెయ్యి పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు ఏడవలేదు. నాకేసి తిరిగి స్వామిని నా చేతిలో పెట్టింది. ఆ లోహం ఆమె చేతి వేడికి వెచ్చగా ఉంది.

"నీకు ఆ మాటకి అర్థం బస్సులో తప్పు చెప్పాను," అన్నాను. "గున్న అంటే ఉత్త చిన్న కాదు. చిన్నదే, కానీ అందులో లేనిది లేదు. మా నాన్నగారు చెబుతారు."

ఆమె ఆ మాటని పెదవులతో ఒకసారి అనుకుని చూసుకుంది.

"అయితే మావోడు గున్నోడమ్మా," అంది.

ఆ బిడ్డకి వాళ్లు పేరు పెట్టలేదు. పెట్టడానికి ఏముంది అనుకున్నారు. నేను అవునన్నాను.